జర్మనీ కొలువు సరే, ఆ ఆర్నెల్లకు పైసలేవి?

హనుమకొండ నుంచి ఒక స్టాఫ్ నర్స్ రాశారు. వయసు 30, ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో ఏడేళ్ల సర్వీసు, చేతికి 34 వేలు, అందులో బేసిక్ 18 వేలు. ఇంట్లో అమ్మ, నాన్న, బీటెక్ ఆఖరి ఏడాది తమ్ముడు. కష్టపడి జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసయ్యారు, అక్కడి ఆసుపత్రి నుంచి ఆఫర్ వచ్చింది, ఎన్నేళ్ల కలో. కానీ నిరుడు నాన్నకు స్టెంట్ వేసినప్పుడు ఇన్సూరెన్స్ పోను మిగిలిన బిల్లులో సగం పెద్ద డాక్టరు గారే మాఫీ చేశారు, వచ్చే ఏడు ఇన్‌చార్జి సిస్టర్‌ని చేస్తానంటున్నారు. "సార్ ముఖం ఎట్ల చూడాలి, పోవాలా ఉండాలా?" ఇదీ ప్రశ్న. ఉత్తరం చివర రెండు లైన్లలో, ఏదో మామూలు విషయంలా, ఇంకో మాట కూడా ఉంది: కన్సల్టెన్సీకి నాలుగున్నర లక్షలు కట్టాలి, మూడు లక్షలు ఊళ్లో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి తెస్తారు, మిగతాది అమ్మ బంగారం కుదువ పెట్టి. దాచుకున్నది 40 వేలు.

అమ్మా, నాకు మీ మొదటి పేజీ కంటే ఆ చివరి రెండు లైన్లే భయం పుట్టించాయి. మీ ఒక్కరి తప్పే అయితే విడిగా జవాబు రాసి ఊరుకునేవాణ్ని, కానీ బయటికి పోయేవాళ్లలో నేను చూసిన పది మందిలో ఎనిమిది మంది ఇదే చేస్తున్నారు. అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి కాగితం మీద రాసుకుంటారు, ఇక్కడి ఆఖరి జీతానికీ అక్కడి పూర్తి జీతానికీ మధ్య ఉండే నెలల్ని మాత్రం లెక్కే కట్టరు.

సార్ సంగతి ముందే తేల్చేద్దాం, అదంత పెద్ద చిక్కు కాదు. ఆయన మంచితనం నిజమే, మీ ఏడేళ్ల నైట్ డ్యూటీలూ నిజమే. మంచి మనిషికి ఇవ్వాల్సింది పూర్తి నోటీసు, మీ తర్వాత వచ్చే అమ్మాయికి పని నేర్పడం, అంతే. మర్యాదగా బయటికి వస్తే మీకూ లాభమే, అక్కడ మీ చదువుకు గుర్తింపు తెచ్చుకోవడానికి ఈ ఆసుపత్రి అనుభవ పత్రం కావాలి మరి. నా మటుకు నేను పొమ్మనే అంటాను. ఈ ప్లానుతో మాత్రం వద్దు.

ఎందుకంటే, ఆఫర్ లెటర్ మళ్లీ ఒకసారి చదవండి. జర్మనీలో ప్రొబేషన్ ఆరు నెలల దాకా పెట్టొచ్చు, ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో ఎవరైనా తెగతెంపులు చేసుకోవచ్చు. మీ నర్సింగ్ చదువుకు గుర్తింపు పూర్తయ్యేదాకా చేయించేది సహాయకురాలి పని, ఇచ్చేది ఆ జీతమే, కన్సల్టెన్సీ వాళ్లు మీకు చూపించింది గుర్తింపు తర్వాతి జీతమేమో కనుక్కున్నారా? అద్దె గదికి డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, వాయిదాల్లో కట్టే వీలుందనుకోండి. ఇవన్నీ నడుస్తుండగా హనుమకొండలో ఇంటి కిరాయి ఆగదు, నాన్న మందులు ఆగవు. 40 వేలంటే మీ ఇంటికి రెండు నెలలు కూడా రాదు!

ఇక రెండు రూపాయల మిత్తి. వినడానికి ఎంత చిన్నగా ఉంటుందో, ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6 వేలు, మీరు విమానం ఎక్కినా ఎక్కకపోయినా, వీసా నెల ఆలస్యమైనా. జగిత్యాల, సిరిసిల్ల వైపు అడగండి, ఇట్లాగే అప్పు చేసి గల్ఫ్ పోయినవాళ్లు మొదటి ఏడాది, రెండేళ్లు ఎవరి కోసం పనిచేశారో ఇంటింటికీ చెబుతారు. చదువుకున్న పిల్లలు జర్మనీ పేరు చెప్పి అదే బాట పడుతుంటే నాకు కోపమే వస్తుంది, దాచుకోను. పైగా ఈ నాలుగున్నర లక్షలు దేనికి? విదేశీ కొలువులకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400. మీ కన్సల్టెన్సీ వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది. లేకుంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీకి పంపుతోంది, హైదరాబాద్‌లో వాళ్లను కలవండి.

మరి ఆ మధ్య నెలలకు ఫండ్ ఎట్లా? మీకు తెలియకుండానే మీ దగ్గర ఉంది. నెలకు 10 వేల చొప్పున రెండు లక్షల చిట్టీ కడుతున్నానన్నారు, ఇంకా ఆరు నెలలుంది. ఆఫర్ ఇచ్చినవాళ్లను చేరే తేదీ ఆరు నెలలు జరపమని అడగండి, నర్సుల కోసం ఎదురుచూసేవాళ్లు ఈమాత్రానికి కాదనకపోవచ్చు. అప్పటికి చిట్టీ పూర్తయి కమీషన్ పోను ఓ లక్షా 90 వేలు వస్తుంది, ఆ నెలవారీ 10 వేల బరువూ దిగిపోతుంది. ఏడేళ్ల సర్వీసుకు మానేసేటప్పుడు ఆసుపత్రి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ 72 వేల పైమాట, రాజీనామా లెటర్‌లోనే అడిగేయండి, మొహమాటపడితే ఎవరూ పిలిచి ఇవ్వరు. మీ 40 వేలు కలిపితే మూడు లక్షలు, పైసా అప్పు లేకుండా. అందులో ఇంటికి నెలకు 22 వేల చొప్పున ఆరు నెలలకు లక్షా 32 వేలు అమ్మ పేరిట వేరే ఖాతాలో వేయండి, తమ్ముడి లాప్‌టాప్‌కు కూడా ముట్టొద్దు. మీ మొదటి నెలకూ డిపాజిట్‌కూ ఓ లక్ష. మిగిలిన దాంట్లో వీసా, కాగితాలు, ఆ 35,400. టికెట్ అక్కడి ఆసుపత్రి పెట్టుకుంటుందేమో అడగండి, అడగడానికి సిగ్గెందుకు?

నాన్న విషయం ఒకటి. ఆసుపత్రి తన ఉద్యోగులకు తీసుకున్న ఆరోగ్య బీమా, అదే గ్రూప్ పాలసీ, మీ ఉద్యోగంతోనే పోతుంది. స్టెంట్ పడ్డ మనిషికి కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బు ఖర్చు ఇవ్వకుండా మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. కాబట్టి ఆఖరి డ్యూటీ రోజుకు ముందే, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని రాతపూర్వకంగా అడగండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, అది దీనికి అదనం అనుకోండి. పీఎఫ్ జోలికి పోకండి.

ఈ వారం పని: ఆ మిత్తి ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పడం, అమ్మ బంగారం ఉన్నచోటే ఉంచడం, జర్మనీ ఆసుపత్రికి తేదీ గురించి మెయిల్ పెట్టడం. జవాబు వచ్చాక సార్ గదికి వెళ్లండి.