రంగు గీకేస్తే ఇక మిగిలేదేముంది?

ప్రశ్న: మా మామగారి నాన్నగారు గుంతకల్లు రైల్వేలో గుమాస్తా. దొరలు వెళ్లిపోయేటప్పుడు బంగళా సామాన్లు వేలం వేస్తే నాలుగు కుర్చీలు కొన్నారట. నల్ల రంగు, అంచుల్లో బంగారు గీతలు, వీపు ఆనించే పలక మీద పూలతీగ. ఇప్పుడు రంగు పెచ్చులు లేస్తోంది. ఆచారేమో మొత్తం గీకి పాలిష్ కొడతానంటున్నాడు, మావారు సరే అంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. అమెరికాలోని మా అబ్బాయి రెండు పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, కడప

జవాబు: ముందు ఆచారికి ఫోన్ చేసి రావద్దని చెప్పండమ్మా. మనకు టేకు అలవాటు కాబట్టి రంగు కింద మంచి చెక్క ఉంటుందని, గీకితే బయటపడుతుందని ఆశ. ఇంగ్లండులో ఈ రకం కుర్చీల లెక్క వేరు. వాటిని చాలావరకు బీచ్ అనే చౌక చెక్కతో, రంగు వేయడానికనే చేసేవాళ్లు. హెపుల్‌వైట్ అనే ఇంగ్లిష్ ఫర్నిచర్ పనివాడు చనిపోయాక 1788లో ఆయన భార్య అచ్చువేయించిన డిజైన్ల పుస్తకంలో ఈ రంగుల కుర్చీలను కొత్త ఫ్యాషన్‌గా మెచ్చుకున్నారు, మహాగని చెక్కకు కావలసినంత బరువైన చట్రం వీటికి అక్కర్లేదని కూడా రాశారు. రంగు తీసేస్తే మీ చేతికొచ్చేది సన్నకాళ్ల పాలిపోయిన చెక్క, దానికి ఎవరూ పైసా ఎక్కువివ్వరు.

అలాగని మీవి 1788 నాటివని సంబరపడొద్దు. 1900 తర్వాత ఇదే పద్ధతి మళ్లీ ఊపందుకుంది, రైల్వే బంగళాలోవి ఆ కాలపువే కావచ్చు. ఒకదాన్ని తిరగేసి, రంగు తగలని అడుగు చెక్క మీద టార్చిలైటు అడ్డంగా వేసి చూడండి. వంపు తిరిగిన గీతలు వరసగా కనిపిస్తే అది గుండ్రటి రంపం కోత, అంటే యంత్రాల కాలానిది. అరుగుదలా చూడండి, చేతులు తగిలే పైపట్టె, మడమలు ఆనే ముందు అడ్డకర్ర అరిగి మిగతాది బాగుంటే నమ్మొచ్చు, అన్నిచోట్లా ఒకేలా అరిగితే ఎవరో కావాలని రుద్దారన్నమాట. లోపల టేకు కనిపిస్తే మన దేశంలోనే చేసి ఉంటారు, అదేం తక్కువ కాదు.

పెచ్చులకు కారణం చెక్క ఎండకు కుంచించుకుపోయి, తడికి ఉబ్బడం. కడప ఎండలో కూలర్ ఎదురుగా పెడితే ఇంకా రాలతాయి, అక్కడి నుంచి జరపండి. స్పిరిట్, కొబ్బరినూనె తాకించొద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. అసహ్యంగా అనిపించినా చెబుతున్నా, మ్యూజియంవాళ్లు దూదికి ఉమ్మి తడి చేసి మురికి తుడుస్తారు, కాకపోతే పెచ్చు లేచినచోట అదీ వద్దు. ఊగే కాళ్లకు మేకులు కొట్టించకండి. ఇంకో మాట, పాత రంగులో సీసం ఉండొచ్చు, ఎమ్రీ పేపర్ పడితే ఆ పొడి ఇంట్లో పిల్లల ఒంట్లోకి పోతుంది.

అబ్బాయికి పంపే సంగతి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను సొంతంగా విదేశాలకు పంపడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం. అవి పురావస్తువులు కావని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇస్తేనే ప్యాకింగ్ మాట ఎత్తండి, లేదంటే సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడే కూర్చోమనండి.