గొలుసుకట్టు అక్షరం అచ్చుకెక్కేముందు

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

శుభలేఖల డిజైనింగ్ సొంతంగా మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, గర్వంగా ఉంది. అయితే మొదటి కార్డులోనే వధూవరుల పేర్లు ఇంగ్లిష్ గొలుసుకట్టు ఫాంటులో, మెరూన్ అట్టమీద బంగారు ఫాయిల్‌తో, అంటే వేడిగా నొక్కి అంటించే పల్చని మెరుపురేకుతో, వేయిస్తున్నావట. అది విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఆ అక్షరం ఎలా పుట్టిందో గుర్తుపెట్టుకో. మొనదేలిన పాళీని కిందికి లాగుతూ నొక్కితే దాని మొన రెండుగా విచ్చుకుని గీత లావవుతుంది. పైకి పోయేటప్పుడు ఒత్తిడి ఉండదు కాబట్టి గీత వెంట్రుకలా మిగులుతుంది. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో నేర్పిన రౌండ్‌హ్యాండ్ రాత ఇదే. నమూనా పుస్తకాలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసేవారు కనుక కాపర్‌ప్లేట్ అన్నారు. అక్షరం అడుగుగీతకు సుమారు 55 డిగ్రీల వాలులో నిలుస్తుంది. గ్రేట్ వైబ్స్, ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ లాంటి ఫాంట్లన్నీ ఈ వంశానివే. వీటి అందమంతా ఆ సన్నగీతలో ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది.

ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లూ చేసే పాత తప్పు ఒకటుంది. తెరమీద 400 శాతం పెంచి చూసి, బాగానే ఉందనుకుని ఫైలు పంపేస్తారు. నువ్వు మాత్రం అలా చేయకు. పేరును కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా, మార్చి, కార్డుమీద ఉండబోయే అసలు సైజులో, అన్నిటికన్నా సన్నని చోట మందం కొలువు. సైజు తగ్గితే గీత కూడా అదే లెక్కన తగ్గుతుంది. పాయింటంటే అంగుళంలో సుమారు 72వ వంతు. 48 పాయింట్ల సైజులో 0.6 పాయింటు ఉన్న గీత 24కి దించితే 0.3 అవుతుంది. తెల్లకాగితం మీద ఒకే సిరాతో ఆఫ్‌సెట్ (మామూలు ప్రెస్సు అచ్చు) అయితే 0.25 పాయింటు వరకూ నిలుస్తుంది. ఫాయిల్‌కి అర పాయింటుకి తగ్గనివ్వకు, గరుకు అట్ట అయితే ఇంకా పెంచు. గరుకు అట్ట గుంటల్లో ఫాయిల్ అంటుకోదు, గీత తెగిపోతుంది. ముదురు రంగు అచ్చువేసి అక్షరాన్ని తెల్లగా వదిలేస్తే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్నగీతను మూసేస్తుంది. దానికీ కనీసం అర పాయింటు, వీలైతే ముప్పావు ఉండాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో బంగారు సిరాకి రేణువులు పెద్దవి కాబట్టి మెష్ (సిరా దిగే జల్లెడ గుడ్డ) ముతకది వాడతారు, సన్నగీత ఆ పోగుల మధ్యే మాయమవుతుంది. బంగారు రంగును నాలుగు సిరాలు కలిపి తెప్పిస్తే మరీ ఘోరం. ఆ సన్నని గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

గీత చాలకపోతే అదే రంగు అవుట్‌లైన్ ఇవ్వొచ్చు. 0.3 గీతకి 0.2 అవుట్‌లైన్ ఇస్తే 0.5 అవుతుంది. కానీ లావుగీతలూ అంతే పెరుగుతాయి, ఇంగ్లిష్ 'ఇ' (e), 'ఎ' (a) అక్షరాల చిన్న కన్నాలు పూడిపోతాయి. అంతకన్నా సన్నగీత కాస్త బలంగా ఉన్న ఫాంటు ఎంచుకోవడమే మేలు. సీసం అక్షరాల కాలంలోనూ ఇదే బాధ. పక్క అక్షరం మీదికి వాలే కొసలు ఒత్తిడికి పుటుక్కున విరిగేవి.

అక్షరాలు కలిసేచోటు ఇంకో చిక్కు. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా దగ్గరే ఉంచు. ఎడం పెంచితే గొలుసు తెగుతుంది. కర్వ్స్ చేశాక అక్షరాల్ని కంబైన్ చేయకు, అన్నీ అతుక్కుని ఒకే ఆకారమయ్యేలా వెల్డ్ చెయ్యి. కంబైన్ చేస్తే గీతలు ఒకదానిమీదొకటి పడ్డచోట తెల్ల చిల్లులు పడతాయి. అవుట్‌లైన్ ఇచ్చేది కూడా వెల్డ్ అయ్యాకే.

పేరును అన్నీ పెద్దక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) పెట్టకు. ఈ మాట మన పేర్ల కోసం గట్టిగా చెబుతున్నాను. ఇంటిపేరు పొట్టిఅక్షరాలు (ఇనీషియల్స్) మూడు వరసగా వస్తే ఆ సుడులు ఒకదాన్నొకటి చుట్టేసుకుంటాయి, చదవడం ఎవరి తరమూ కాదు. ఇంటిపేరు పూర్తిగా రాయి, లేదా ఆ పొట్టిఅక్షరాల్ని నిటారు ఫాంటులో చిన్నగా పెట్టు. 'ఎస్', 'ఎల్' పెద్దక్షరాలు ఒకలాగే ఉంటాయి. చిన్నక్షరాల్లో 'ఎన్', 'యు' తారుమారవుతాయి, అనురాధ పేరు ఒకసారి ఆ ఫాంటులో కొట్టి చూడు. ముహూర్తం, ఫోన్ నంబరు, కల్యాణమండపం చిరునామా ఈ ఫాంటులో పెట్టావంటే నా మీద ఒట్టే. ఒకటి ఏడులా కనబడితే బంధువులు ముహూర్తం దాటాక వస్తారు.

పక్కన తెలుగును బలవంతంగా వాలుగా వంచకు తల్లీ. మన అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకోవు, వాటి ఒయ్యారం గుండ్రంలోనూ తలకట్టులోనూ ఉంది. మండలి లాంటి నిటారు ఫాంటు చాలు. 14 పాయింట్ల అక్షరానికి ఒక వరస అడుగుగీత నుంచి తర్వాతి దానికి 22 పాయింట్లు ఇవ్వు, లేకపోతే పైవరస వత్తులు కింది గుడుల్ని తాకుతాయి. బాపు గారి చేతిరాత ఫాంటు నాకు ప్రాణం, కానీ దాని జోరు పక్కన నీ సన్నగీతలు కనిపించవు. రెండింటిలో ఒకటే ఉంచు.

ఫాంటు లైసెన్సు చదువు, సొంత వాడకానికి మాత్రమే ఉచితమన్నవి నీకు పనికిరావు. పేర్లను అంచుకి దూరంగా పెట్టు, నాలుగు మూలలా పసుపు రాస్తారు కదా. డై (ఫాయిల్‌ని నొక్కే లోహపు అచ్చు) చేయించే ముందు అసలు సైజులో ప్రూఫ్ తీసి, పెళ్లికూతురి అమ్మమ్మగారి చేత కళ్లద్దాలతో పేర్లు పైకి చదివించు. ఒక కాపీ నాకూ పంపు, నేనూ చదువుతాను.

ఇట్లు,
మీ మావయ్య