డ్రాయింగ్ ఇవ్వాలా, దాచుకోవాలా?

ప్రశ్న: మాది ఇరవై మంది పనిచేసే చిన్న యూనిట్. పంపులకు సీళ్లు తయారు చేస్తాం. ఎక్కువ వేడికి కూడా గట్టిపడని రబ్బరు మిశ్రమం ఒకటి రెండేళ్లు తంటాలు పడి మేమే కుదుర్చుకున్నాం. మా పెద్ద కస్టమర్ ‘కలిసి కొత్త సీల్ డెవలప్ చేద్దాం, మిశ్రమం వివరాలు పంపండి’ అంటున్నారు. ఇచ్చిన మర్నాడే మనల్ని పక్కన పెడతారని మా అన్నయ్య భయం. నాకేమో ఈ అవకాశం వదులుకోవాలని లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్య భయం ఉత్తదేం కాదు. ముందు నా సంగతి చెబుతాను.

మెషీన్ షాపు నడిపే రోజుల్లో ఒక కస్టమర్‌కి బ్రాకెట్ చేసిచ్చేవాళ్లం. ప్లేటింగ్ (తుప్పు పట్టకుండా లోహపు పూత) తొట్టిలో తీగకు తగిలించడానికి వీలుగా దాని మూలన 4 మిల్లీమీటర్ల రంధ్రం వేసేవాళ్లం. బ్రాకెట్ చేసే పనికి ఆ రంధ్రంతో ఏ సంబంధమూ లేదు. ఒకరోజు వాళ్ల ఇంజినీరు ‘రికార్డు కోసం’ డ్రాయింగ్ అడిగాడు. సాయంత్రంలోగా పంపేశాను, తయారీ అంచెలన్నీ రాసుకునే ప్రాసెస్ షీటుతో సహా. ఎనిమిది నెలలయ్యేసరికి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ఓసారి వాళ్ల స్టోర్స్‌కి వెళితే వేరే వెండర్ పెట్టె తెరిచి ఉంది. ఒక పీసు తీసి చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు, దానికి ప్లేటింగ్ అక్కర్లేదు. నా రంధ్రం మాత్రం అదే మూలన, అదే సైజులో ఉంది!

ఇంత జరిగినా మీకు ‘కలవండి’ అనే చెబుతాను. నా తప్పు కలవడంలో లేదు, అడగ్గానే అన్నీ ఇచ్చేయడంలో ఉంది. ‘ఓపెన్ ఇన్నోవేషన్’ అన్న మాటను 2003లో ప్రచారంలోకి తెచ్చింది హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికన్ ప్రొఫెసర్. ఆలోచనలు కంపెనీ గోడ దాటి బయటికీ వెళ్లాలి, లోపలికీ రావాలి అన్నారాయన. తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టమనలేదు.

మీ కస్టమర్‌కి కావలసింది సీల్ ఎంత వేడిని తట్టుకుంటుందన్నది. మిశ్రమంలో ఏమేం ఉన్నాయన్నది కాదు. కాబట్టి ఫలితాలు ఇవ్వండి. 150 డిగ్రీల వేడిలో 70 గంటలు ఉంచాక హార్డ్‌నెస్ ఎంత పెరిగింది, కంప్రెషన్ సెట్ (నొక్కి వదిలాక మళ్లీ మొదటి మందానికి రాని భాగం) ఎంత వచ్చింది, నూనెలో నానబెడితే ఎంత ఉబ్బింది అన్న లెక్కలు చాలు. వాళ్ల పంపులో బిగించి చూడటానికి నాలుగు శాంపిల్స్ కూడా ఇవ్వండి, ల్యాబ్‌లో విశ్లేషించకూడదన్న షరతు రాయించుకుని. షరతు ఉన్నా విప్పి చూసేవాళ్లు ఉంటారు. చూస్తే ఏ రబ్బరు, అందులో కలిపిన ఫిల్లరు పొడి ఏది అన్నది తెలుస్తుంది. ఏది ముందు కలిపారో, ఎంత వేడిలో ఎంతసేపు ఉడికించారో శాంపిల్ అంత తేలిగ్గా చెప్పదు. మీ అసలు సొత్తు బహుశా అక్కడే ఉంది.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. చూపించకపోతే కొనేవాడికి విలువ తెలియదు, చూపించాక కొనాల్సిన అవసరమే ఉండదు అని కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1962లోనే రాశారు.

పేటెంట్ తీసుకుంటే పోదా అంటారేమో. సాధారణంగా దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అందులో రాసిందంతా లోకానికి తెలిసిపోతుంది. సీల్ ఆకారంలో కొత్తదనం ఉంటే పేటెంట్‌కి వెళ్లండి, అదీ బయట ఎవరికీ చూపించకముందే. మిశ్రమం, దాన్ని కలిపే తీరు మాత్రం మీ బీరువాలోనే ఉండనివ్వండి.

ఇక ఒప్పందం. మొదటి మీటింగుకి వెళ్లేలోపే ‘ఇవాళ్టికి మా దగ్గర ఉన్నవి’ అని ఒక జాబితా రాసి, తేదీ వేసి, ఇద్దరి సంతకాలు పెట్టించండి. కలిసి పనిచేసేటప్పుడు పుట్టేది ఎవరిదన్నది వేరే రాసుకోవాలి. గొడవలు ఎక్కువగా ఈ రెంటికీ మధ్య ఉండే మూడోదాని దగ్గర వస్తాయి. వాళ్ల పంపులో టెస్ట్ చేస్తుండగా మీ మిశ్రమమే కాస్త మెరుగుపడితే, ఆ మెరుగు ఎవరిది? ‘మిశ్రమానికి సంబంధించిందంతా మాదే’ అని పట్టుబట్టండి. బదులుగా వాళ్ల రకం పంపులకు మాత్రం ఈ సీల్ రెండేళ్లు ఇంకెవరికీ అమ్మమని మాటివ్వండి. ఏడాదికి కనీసం ఇన్ని తీసుకుంటేనే ఆ మాట నిలుస్తుందని కూడా రాయండి. ఆ ఒక్క వాక్యం మర్చిపోయి చేతులు కట్టేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

అన్నయ్యకి ప్రింగిల్స్ సంగతి చెప్పండి. చిప్స్ మీద బొమ్మలు, మాటలు ముద్రించాలని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనుకున్నప్పుడు, ఆ పద్ధతి ఇటలీలోని బొలోన్యాలో ఓ ప్రొఫెసర్ నడిపే చిన్న బేకరీలో దొరికింది. 2004లో చిప్స్ మార్కెట్లోకి వచ్చాయి. అంత పెద్ద కంపెనీ అంత చిన్నవాళ్ల దగ్గరికి వెళ్లింది. మీ కస్టమర్ కూడా మీ దగ్గర ఏదో ఉందనే వచ్చారు.

ప్రశ్న: మేం ఒకేసారి ఐదుగురితో, అంటే రెండు కాలేజీలు, ఒక మెషీన్ల కంపెనీ, ఇద్దరు సప్లయర్లతో కలిసి కొత్త ప్రొడక్టుల పని మొదలుపెట్టాం. ఏడాదైనా ఒక్కటీ తెమల్లేదు. లోపం ఎక్కడ?

జవాబు: మీ దగ్గర ఈ ఐదుగురితో మాట్లాడేది ఎవరు? ఉత్తరంలో ఆ ముక్క లేదు కానీ మీరొక్కరేనని నా అనుమానం. పొద్దున డెలివరీలు, మధ్యాహ్నం బ్యాంకు, సాయంత్రం ప్రొఫెసర్ గారి రిపోర్టు! బ్రిటన్ తయారీ కంపెనీల మీద లార్సెన్, సాల్టర్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. బయటి సాయం పెరిగేకొద్దీ ఒక హద్దు వరకు లాభమే, ఆ తర్వాత నష్టమని అందులో తేలింది. చిన్న యూనిట్‌కి ఆ హద్దు ఇంకా దగ్గరలో ఉంటుందని నా అనుభవం. బయటివాళ్లు చెప్పేది అర్థం చేసుకుని, షాప్ ఫ్లోర్ మీద చేసి చూసే మనిషి లోపల ఒకరుండాలి. మీ సూపర్‌వైజర్లలో కుతూహలం ఉన్నవాళ్లెవరో చూసి, వారానికి ఒక పూట పూర్తిగా దీనికే వదిలేయండి. ఐదుగురిలో ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు, మీ షాపుకి వచ్చి చేతికి నూనె అంటించుకున్నవాళ్లు ఎవరు? వాళ్లను ఉంచుకుని, మిగిలినవాళ్లకు ఈ ఏడాదికి వీలుపడదని రాసేయండి.