పాప్ స్మియర్ నార్మల్ అన్నా ఆగిపోకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు రాసిన కేసు గురించే ఆలోచిస్తున్నాను. ఆగని బ్లీడింగ్, సెర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) ఉబ్బి గట్టిపడింది, పాప్ స్మియర్ (పైపొర కణాలు గీరి చూసే పరీక్ష) మాత్రం నార్మల్, పంచ్ బయాప్సీలో (చిన్న ముక్క కొరికి తీసే పరీక్షలో) ‘క్రానిక్ సెర్విసైటిస్’, అంటే దీర్ఘకాలిక వాపు. ఆ రెండు రిపోర్టులనూ నమ్మి ఊరుకోకమ్మా, ఇది సెర్విక్స్‌లో లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్ కావచ్చు. లింఫోమా పెరిగేది పైపొర కింద, స్ట్రోమా అనే లోపలి కణజాలంలో. పైపొర చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక గీరి తీసిన స్మియర్‌లోకి ఆ కణాలు రావు. పైపైన కొరికిన ముక్కలోకీ రావు. గైనకాలజిస్టుకు నువ్వే ఫోన్ చేసి లోతైన, పెద్ద ముక్క అడుగు. నలపకుండా తీయమని గట్టిగా చెప్పు. నలిగితే కణాలు సాగిపోయి స్మాల్ సెల్ కార్సినోమా అనే మరో క్యాన్సర్‌కీ దీనికీ తేడా తెలియదు. వీలైతే కొంత ఫార్మలిన్‌లో వేయకుండా, కణాల మీది గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీకి పంపు. ముక్క తీసేలోపు ఎవరూ స్టెరాయిడ్లు మొదలుపెట్టకూడదు, కణాలు కరిగిపోయి మనకేమీ మిగలదు.

స్టెయిన్లలో లింఫ్ కణాలను చూపే సీడీ45, సీడీ20, సీడీ3తో పాటు, ఇతర క్యాన్సర్లను వేరుచేసే సైటోకెరాటిన్, సినాప్టోఫైసిన్, ఎంపీఓ తప్పక పెట్టు. ఎక్కువగా తేలేది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకమే. కణాల విభజన వేగం చూపే కీ-67 దాదాపు 100 శాతం ఉండి, సీడీ10 పాజిటివ్, బీసీఎల్2 నెగటివ్ అయితే బర్కిట్ అనే వేగంగా పెరిగే లింఫోమాను అనుమానించి మిక్ ఫిష్ (మిక్ జీన్ మార్పు చూసే పరీక్ష) చేయించు.

తొందరపడి లింఫోమా అనేయడమూ ప్రమాదమే. ఇన్ఫెక్షన్ వల్ల కూడా లింఫాయిడ్ కణాలు దట్టంగా చేరి కంగారు పెడతాయి. అవి సాధారణంగా పైపొర కిందే పట్టీలా ఉంటాయి, ప్లాస్మా కణాలతో కలగలిసి ఉంటాయి, లోతుకు దిగవు. అలాంటి చోట జీన్ పరీక్షలో క్లోనల్ (అన్నీ ఒకే కణం నుంచి పుట్టినవి) అని వచ్చినా, ఆ ఒక్కదాని మీదే ఆధారపడి పేరు పెట్టకు. అందుకే లోతైన ముక్క గురించి ఇంత పట్టుబడుతున్నాను.

‘ప్రైమరీ’ (క్యాన్సర్ ఇక్కడే పుట్టింది) అన్న మాట స్లైడు చూసి రాయలేం. పెట్-సీటీ స్కాన్, బోన్ మ్యారో (ఎముక మజ్జ) చూశాకే అది తేలుతుంది. ఎల్‌డీహెచ్ (రక్తంలోని ఒక ఎంజైము), హెచ్ఐవీ పరీక్షలూ చేయించమను. లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్ మందు ఇస్తే హెపటైటిస్ బి తిరగబెట్టవచ్చు, ఆ పరీక్ష మందుకు ముందే జరగాలి.

లార్జ్ బి సెల్ అయితే ఆమెకు ముఖ్యమైన వైద్యం ఆర్-చాప్ (రిటుక్సిమాబ్ కలిసిన) కీమో. దానికి గర్భసంచి తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. హిస్టరెక్టమీకి తేదీ ఇచ్చారని రాశావు. సర్జన్‌తో ఈరోజే మాట్లాడి, రెండో బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఆపమను. పాత బయాప్సీ ముక్కల మైనపు బ్లాకులు నాకు పంపించు, నేనూ చూస్తాను.

ఇట్లు,
నీ ప్రొఫెసర్