16 రోజులకు మొత్తం పోతుందా? రేడియో అయోడిన్ లెక్క

థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ తీసుకున్న మీ అత్తయ్యను పిల్లలకు దూరంగా ఉండమన్నారు, ఎందుకని? ఆల్ఫా, బీటా, గామా అంటే ఏమిటి? అని అడిగారు. నేను హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. మొదటిదానికి జవాబు చెబితే రెండోది చాలావరకు అందులోనే తేలిపోతుంది.

ఆ మందులో ఉండేది అయోడిన్-131. దాని కేంద్రకంలో న్యూట్రాన్లు ఎక్కువ, అందుకే నిలకడ లేదు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోయి, ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. అదే బీటా. ప్రోటాన్ ఒకటి పెరిగింది కాబట్టి అదిక అయోడిన్ కాదు, జినాన్. మిగిలిన శక్తి గామా కిరణంగా పోతుంది.

థైరాయిడ్ గ్రంథి అయోడిన్ ఎక్కడున్నా లాక్కుంటుంది, మామూలుదా కాదా అని చూడదు. బీటా ఒంట్లో సాధారణంగా రెండు మిల్లీమీటర్ల లోపే ఆగిపోతుంది కాబట్టి దెబ్బంతా ఆ గ్రంథికే. చికిత్స చేసేది ఇదే. గామా మాత్రం ఒళ్ళు దాటి వచ్చేస్తుంది. పసివాళ్ళను ఒళ్ళో పడుకోబెట్టుకోవద్దనేది దీనివల్ల. ఉమ్మి, చెమట, మూత్రంలో కూడా మందు కొంత పోతుంది, అందుకే కంచం, టవల్ వేరు.

ఆల్ఫా అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద. కాగితం కూడా దాటలేదు. కానీ యురేనియం గనుల్లో ఊరే రేడాన్ వాయువును పీల్చినప్పుడు ఊపిరితిత్తులకు చేటు చేసేది ఇదే.

ఇక అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం మారిపోవడానికి పట్టే కాలం. అయోడిన్-131కి 8 రోజులు. "అయితే 16 రోజులకు మొత్తం పోతుందిగా" అంటారు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా! పోదు. 16 రోజులకు పావు, 24కి అరపావు మిగులుతుంది. ఏ పరమాణువు వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, మరిగించినా గడ్డకట్టించినా వేగం మారదు. కాకపోతే ఒంట్లోంచి మూత్రంతో పోయేది కూడా ఉంది కాబట్టి అక్కడ ఇంకా త్వరగా తగ్గుతుంది. స్కాన్లకు మేం వాడే టెక్నీషియం-99ఎం అయితే 6 గంటలే, మర్నాటికి వీసం వంతు.

ఎన్నాళ్ళు దూరంగా ఉండాలన్నది మోతాదును బట్టి డిశ్చార్జి కాగితంలో రాస్తారు. అది పాటించండి, పక్క గదిలోంచి కబుర్లు చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి.