కాలిఫోర్నియా వదలాలా, వద్దా: తమ్ముడికి ఒక ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

డిసెంబరులో రిటైర్ అవుతున్నావనీ, ఆ వెంటనే ఫ్రీమాంట్ ఇల్లు అమ్మేసి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడాలనుకుంటున్నావనీ మరదలు చెప్పింది. నీ ఆఫీసు స్నేహితులు ఒక్కొక్కరే టెక్సాస్ దారి పడుతుంటే నీకూ మనసు అటే లాగడం సహజం. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. పన్నులు తప్పించుకోవడానికైతే వెళ్లొద్దు. అబ్బాయికి దగ్గరగా ఉండాలని వెళ్తానంటే వెళ్లు, కానీ ఇల్లు అమ్మకుండా వెళ్లు.

కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను 13.3 శాతం అని అందరూ భయపెడతారు. ఆ రేటు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయానికి. నీ సంగతి చూద్దాం. మీ ఇద్దరికీ కలిపి సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పింఛను, యాభై వేలు వస్తుందనుకో, ఐఆర్ఏ అనే రిటైర్మెంటు ఖాతా నుంచి మరో అరవై వేలు తీసుకుంటావనుకో. సోషల్ సెక్యూరిటీ మీద ఈ రాష్ట్రం పన్ను వేయదు. మిగిలిన అరవై వేలలో అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తగ్గింపు పోగా ఉన్నదానికి వర్తించేవి ఒక శాతం, రెండు శాతం పన్ను మెట్లే. అరవై అయిదు దాటిన దంపతులకు పన్నులోంచే కొట్టేసే క్రెడిట్లు కూడా తీసేస్తే రాష్ట్రానికి కట్టేది కొన్ని వందల డాలర్లు మించదు. ఆ కొన్ని వందల కోసం ఇన్నేళ్లుగా అల్లుకున్న జీవితాన్ని పెళ్లగిస్తావా?

ఇక ఇంటి పన్ను. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 అనే ఇంటి పన్ను చట్టం నీకు పెద్ద అండ. నువ్వు 1997లో మూడు లక్షలకు కొన్న ఇంటి పన్ను విలువ, అంటే పన్ను లెక్కకు తీసుకునే ధర, ఏటా రెండు శాతానికి మించి పెరగకూడదు కాబట్టి ఇప్పటికీ అయిదు లక్షల పైచిలుకే ఉంటుంది. నువ్వు ఏడాదికి కడుతున్నది ఆరు, ఆరున్నర వేలు. పక్కింటిని ఈ మధ్య పదహారు లక్షలకు కొన్నవాళ్లు అదే వీధికి, అదే చెత్త బండికి పద్దెనిమిది వేలు కడుతున్నారు. టెక్సాస్‌లో ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ అక్కడి ఊళ్లు నడిచేది ఇంటి పన్ను మీదే. అరవై అయిదు దాటినవాళ్లకు ఆ పన్నులో స్కూళ్లకు పోయే భాగంలో మినహాయింపూ, అది పెరగకుండా కట్టడీ ఉన్నాయి. అయినా ఆరు లక్షల ఇల్లు కొంటే చాలా ఊళ్లలో నువ్వు ఇప్పుడు కడుతున్నదానికి తగ్గదు.

అమ్మకం లెక్క ఇంకా బరువైనది. పదహారు లక్షలకు అమ్మితే లాభం పదమూడు లక్షలు. దంపతులకు ఫెడరల్ మినహాయింపు అయిదు లక్షలు. మిగిలిన ఎనిమిది లక్షల మీద ఫెడరల్ పన్ను, రాష్ట్రం పన్ను, పైన బ్రోకర్ కమీషన్ అన్నీ కలిపితే రెండు లక్షల డాలర్లకు పైనే పోతుంది. ముందు టెక్సాస్ వాసినైపోయి తర్వాత అమ్ముతానంటావేమో. ఇల్లు కాలిఫోర్నియా నేల మీద ఉంది కాబట్టి నువ్వు ఎక్కడ ఉన్నా ఆ లాభం మీద ఈ రాష్ట్రానికి పన్ను కట్టాల్సిందే.

ఇప్పుడు చెప్పబోయే మాట రాయడానికి చేయి రాదు, అయినా అక్కను కాబట్టి రాస్తున్నాను. మీ బావ పోయిన తర్వాత లాయరు మొదట అడిగింది ఇంటి దస్తావేజు. రెండో పేజీలో మా పేర్ల కింద ‘కమ్యూనిటీ ప్రాపర్టీ’, అంటే ఆలుమగల ఉమ్మడి ఆస్తి, అని ఉంది. దానివల్ల పన్ను లెక్కల్లో మొత్తం ఇంటి కొన్న ధర చెరిగిపోయి, ఆయన పోయిన రోజున మార్కెట్లో ఉన్న విలువ దాని స్థానంలోకి వచ్చింది. అప్పుడే అమ్మి ఉంటే లాభమే లేదు, పన్నూ లేదు. అదే ‘జాయింట్ టెనెంట్స్’, అంటే ఉత్త ఉమ్మడి హక్కుదారులు, అని ఉంటే మామూలుగా సగం ఇంటికే ఆ లెక్క వర్తిస్తుంది. నీ దస్తావేజు తీసి ఆ ఒక్క పదం చూడు. వేరుగా ఉంటే ఎస్టేట్ లాయరుతో మాట్లాడి సరిచేయించుకో, దానికి పెద్ద ఖర్చు కాదు. ఇంత లాభం పేరుకున్న ఇంటిని ఇద్దరూ బతికుండగా తొందరపడి అమ్మడం ఎందుకు నష్టమో నీకే అర్థమవుతుంది.

ఇంటిని అబ్బాయికి ఇస్తే ఈ తక్కువ పన్ను వాడికీ వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకు. 2021 నుంచి ప్రపోజిషన్ 19 ప్రకారం వాడు వచ్చి అందులో కాపురం ఉంటేనే ఆ వెసులుబాటు, దానికీ పరిమితి ఉంది. అదే చట్టంలో నీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. యాభై అయిదు దాటినవాళ్లు పాత పన్ను విలువను రాష్ట్రంలోనే కొనే మరో ఇంటికి తీసుకెళ్లవచ్చు, మూడుసార్ల దాకా. మెట్లు ఎక్కలేని రోజు వస్తే శాక్రమెంటో వైపు ఫాల్సమ్‌లోనో రోజ్‌విల్‌లోనో చిన్న ఇల్లు చూసుకోవచ్చు. అక్కడా మనవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక్కడ ఖర్చు లేదని నేను అనడం లేదు. కరెంటు బిల్లు, పెట్రోలు, ఇంటికి మరమ్మతు చేసేవాళ్ల కూలి మండిపోతున్నాయి. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటల తర్వాత ఇంటి బీమా అందరికీ దిగులే. నీ ఇల్లు కొండ మీద లేదు కాబట్టి కొంత నయం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, ఈ మధ్యే పెద్ద అప్పుతో కొన్నవాళ్లకు, కంపెనీ షేర్లలో భారీ లాభాలున్నవాళ్లకు, ఐఆర్ఏ నుంచి ఏటా లక్షలు తీయాల్సినవాళ్లకు నేనే వెళ్లమని చెబుతాను. వాళ్లకు ఇక్కడి 9.3 శాతం మెట్టు నిజంగానే తగులుతుంది. ఇక్కడి ఉద్యోగంలో 401(కె) రిటైర్మెంటు ఖాతాలో దాచుకున్న డబ్బును వేరే రాష్ట్రానికి మారాక తీసుకుంటే కాలిఫోర్నియా పన్ను వేయకూడదని 1996 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. కానీ వెళ్తే నిజంగా వెళ్లాలి. లైసెన్సు, ఓటు, డాక్టర్లు అన్నీ మార్చుకోవాలి. ఏడాదిలో తొమ్మిది నెలలు మించి ఇక్కడే ఉంటే నువ్వు ఈ రాష్ట్రవాసివే అని పన్నుల శాఖ మొదట అనుకుంటుంది. కాదని నిరూపించుకోవడం నీ పని.

అబ్బాయి సంగతికి వస్తాను. మేనల్లుడు బంగారం, కోడలు మంచిది, మనవరాలిని రోజూ ఎత్తుకోవాలన్న నీ ఆశ నాకు తెలియనిది కాదు. అయినా వాడి ఉద్యోగం రేపు సియాటిల్‌కు మారితే మీరిద్దరూ ఫ్రిస్కోలో ఎవరి కోసం ఉంటారు? మీలో ఒకరే మిగిలితే ఆ ఊళ్లో ఎలా గడుస్తుందో ఇప్పుడే ఆలోచించు. మీ బావ పోయాక గుడిలో పరిచయమైన ఆడవాళ్లు వంతులు వేసుకుని నాకు భోజనం తెచ్చారు. వద్దన్నా వినలేదు. ఒకావిడ పప్పుచారు గిన్నె బల్ల మీద పెట్టి, నేను రెండు ముద్దలు తినేదాకా ఎదురుగా కూర్చునేది. అలాంటి మనుషులు డెబ్బై ఏళ్ల వయసులో కొత్త ఊళ్లో అంత తేలిగ్గా దొరకరు. మరదలికి శనివారం లలితా సహస్రనామం పారాయణ బృందం ఉంది. కారు తీయకుండా నడిచి వెళ్లగలిగే కూరగాయల కొట్టు ఉంది. ఆమెను విడిగా అడిగావా?

అందుకే నా సలహా ఇది. ఇల్లు అద్దెకిచ్చి, ఫ్రిస్కోలో ఏడాదికి ఒక అపార్ట్‌మెంట్ తీసుకో. జులై ఎండలు, జనవరి చలి రెండూ చూడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచులో గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు అక్కడి పెద్దవాళ్లు పడ్డ అవస్థ నీకు గుర్తుండే ఉంటుంది. అద్దెకిచ్చినంత మాత్రాన ప్రపోజిషన్ 13 విలువ పోదు. అమ్మకానికి ముందు అయిదేళ్లలో రెండేళ్లు అందులో నివాసం ఉన్నట్లయితే చాలు కాబట్టి, మూడేళ్లలోపు అమ్మినా ఆ అయిదు లక్షల మినహాయింపు దక్కుతుంది. అద్దెకిచ్చిన కాలానికి చూపిన తరుగుదల మీద కొంత పన్ను పడుతుంది, అంతే. తిరిగి రావాలనిపిస్తే నీ తలుపు నీకుంటుంది. అమ్మేసి వెళ్తే మళ్లీ ఆ వీధిలో అడుగుపెట్టడం నీ తరం కాదు.

పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ విషయం అశ్రద్ధ చేయకు. అరవై అయిదు నిండి, అందులో డాక్టరు ఖర్చులకు సంబంధించిన పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో, మెడికేర్ ఇవ్వని ఖర్చులు భరించే మెడిగాప్ పాలసీని బీమా కంపెనీలు నీ ఆరోగ్యం గురించి అడగకుండా ఇవ్వాలి. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో నీ షుగరు, గుండె స్టెంటు చూసి కాదనవచ్చు. ఊరు మారే ఆలోచన ఉన్నవాడివి, కొందరు డాక్టర్ల నెట్‌వర్కుతో ముడిపడిన, ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ కంటే ఒరిజినల్ మెడికేర్, మెడిగాప్ జత తీసుకో. దాన్ని ఒప్పుకునే డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్నా చూపించుకోవచ్చు. చలికాలం హైదరాబాదులో గడుపుతామన్నావు, సంతోషం. అక్కడ మెడికేర్ పనిచేయదు కాబట్టి ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కవద్దు.

దస్తావేజు కాపీ, పోయిన ఏడాది టాక్స్ రిటర్నూ ఈ వారంలో నాకు పంపు. శనివారం పారాయణ అయ్యాక ఫోను చెయ్యి, ముందు మరదలికి ఇవ్వు. ఆమెతో మాట్లాడాకే నీతో మాట్లాడతాను.

మీ అక్క