నేల మీద పరుపా, నిండిపోయిన గ్యారేజా?

ప్రశ్న: పెళ్ళయి ఎనిమిది నెలలయింది. డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మావారు మినిమలిజం అంటూ ఒక పరుపు, రెండు మడత కుర్చీలు, నాలుగు కంచాలు చాలంటారు. నాకేమో ఇల్లు ఇల్లులా ఉండాలని ఉంటుంది. ఏది కొందామన్నా "రేపు ఇండియా వెళ్ళిపోతే ఇవన్నీ ఏం చేస్తాం" అంటారు. వేసవిలో మా అమ్మానాన్నలు వస్తున్నారు. అసలు ఎన్ని సామాన్లుంటే సరిపోతుంది? ఇండియా నుంచి ఏం తెమ్మనాలి?

జవాబు: ఎన్ని అని అంకె చెప్పడం నా వల్ల కాదమ్మా. నాలుగు కంచాలతో హాయిగా బతికేవాళ్ళున్నారు, నలభై ఉన్నా చాలనివాళ్ళున్నారు. మీ ఉత్తరంలో నా దృష్టి ఆగిపోయింది "రేపు వెళ్ళిపోతే" అన్న మాట దగ్గర.

ఆ రేపు ఎప్పుడో ఇక్కడ ఎవరికీ తెలియదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, ఇంకొకటి వెతుక్కోడానికో వేరే వీసా దారి చూసుకోడానికో దొరికేది మహా అయితే 60 రోజులు. గ్రీన్ కార్డు సంగతి చూస్తే, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ ఏడాదికి ఇచ్చే మొత్తం కార్డుల్లో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ళ క్యూ పదేళ్ళు దాటిపోయింది. అంటే రెండు నెలల్లో పెట్టె సర్దుకోవలసి రావచ్చు, పదిహేనేళ్ళు ఇక్కడే ఉండిపోనూవచ్చు. ఈ రెండిటి మధ్య నిలబడ్డ మనిషి సోఫా కొనాలో వద్దో తేల్చుకోలేకపోతే వింతేముంది? మీవారికి ఉన్నది మినిమలిజం మీద ప్రేమో, ఈ టెన్షనో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. మా కాలంలో మినిమలిజానికి ఇంత మంచి పేరు లేదు, పిసినారితనం అనేవాళ్ళు.

"రెండేళ్ళలో వెళ్ళిపోతాం" అంటూనే పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చేదాకా నేల మీద పరుపుతో గడిపిన ఇళ్ళు నేను చూశాను. వచ్చినవాళ్ళు కూర్చోడానికి చోటుండదని ఎవరినీ భోజనానికి పిలవరు. వాళ్ళు పిలవరు కనక వాళ్ళనీ ఎవరూ పిలవరు. ఊరు కాని ఊళ్ళో ఆ ఒంటరితనం సోఫా ఖరీదు కంటే ఎక్కువే. దీనికి పూర్తిగా అటువైపు ఉన్నవాళ్ళనీ చూశాను. ఇల్లు కొన్న ఏడాదికే రెండు కార్ల గ్యారేజీలో ఒక్క కారూ పట్టదు. టెక్సాస్ వడగళ్ళ వానకి బయట కారు టాప్ సొట్టలు పడుతుంటే, లోపల టీవీ వచ్చిన ఖాళీ అట్టపెట్టె భద్రంగా ఉంటుంది.

ఈ సామాన్లు ఎలా చేరతాయో మీకు త్వరలోనే తెలుస్తుంది. కాస్ట్‌కోకి పాల కోసం వెళ్ళి, పన్నెండు డబ్బాల ప్లాస్టిక్ సెట్టు తెస్తాం. నచ్చకపోతే వాపసు ఇవ్వచ్చులే అనుకుంటాం, ఇవ్వం. థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు తగ్గింపు ధరకి రెండో ఎయిర్ ఫ్రయర్ వస్తుంది. పెరుగు డబ్బాలు కడిగి దాచుకోవడం నాకు తప్పుగా అనిపించదు, సాంబారు ఇచ్చి పంపడానికి వాటిని మించినవి లేవు. నాకు చిరాకు తెప్పించేవి రిటర్న్ గిఫ్టులు. వ్రతానికెళ్తే ఒక జనపనార సంచి, సీమంతానికెళ్తే ఒక ప్లాస్టిక్ బుట్ట, పుట్టినరోజుకెళ్తే పిల్లలకి విరిగిపోయే బొమ్మల సంచి. పాతరోజుల్లో పేరంటానికి పండూ తాంబూలం, జాకెట్టు ముక్క ఇచ్చేవాళ్ళు. పండు తినేస్తాం, జాకెట్టు ముక్క ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది. ఏదీ ఇంట్లో పేరుకోదు. మీ ఇంట్లో ఫంక్షన్ అయితే తినేదేదైనా చేతిలో పెట్టండి, వచ్చినవాళ్ళు మనసులో దండం పెట్టుకుంటారు.

సరే, ఏం కొనాలి? నేను కొత్తవాళ్ళకి చెప్పేదొకటే. గ్రీన్ కార్డు కోసమూ కొనకండి, తిరుగు ప్రయాణం కోసమూ ఆగకండి. మీ లీజు ఎన్నాళ్ళుందో అన్నాళ్ళకి కొనండి. ఏడాది లీజు ఉంటే, ఆ ఏడాది మీరు అక్కడ మనుషుల్లా బతకాలి కదా. ఏడాది వాడుకున్న టేబుల్‌ని సగం ధరకి అమ్మేసినా అద్దెకి తెచ్చుకున్నట్టే, అందులో నష్టపోయిందేమీ లేదు. మీవారికి ఈ లెక్క చెబితే వింటారని నా నమ్మకం.

రోజూ ఒంటికి తగిలేవీ చేతికి తగిలేవీ మాత్రం మంచివి కొనండి. పరుపు, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కూర్చునే కుర్చీ, కూరలు తరిగే కత్తి, మిక్సీ. మిగతావాటికి మన మూవింగ్ సేల్స్ ఉండనే ఉన్నాయి. ఊరు మారేవాళ్ళెవరో సామాన్ల ఫోటోలు, ధరలు ఎక్సెల్ షీట్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులో పంపిస్తుంటారు. నెలాఖరులో, ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు అడిగితే డైనింగ్ టేబుల్ కూడా "తీసుకెళ్తే చాలు" అంటారు. ఒక పూటకి అద్దెకిచ్చే యూ-హాల్ ట్రక్కు, ఇద్దరు స్నేహితులు, వాళ్ళకి బిర్యానీ. అంతే ఖర్చు.

మూడు వస్తువుల దగ్గర మాత్రం జాగ్రత్త. పాత పరుపులు, గుడ్డ సోఫాలు తెచ్చుకుంటే నల్లులు కూడా రావచ్చు, అపార్ట్‌మెంట్లో వాటిని వదిలించుకోవడం నరకం. పిల్లల కారు సీటు తెలియనివాళ్ళ దగ్గర కొనకండి. దానికి గడువు తేదీ ఉంటుంది, పైగా యాక్సిడెంట్లో ఉన్నదో కాదో చూస్తే తెలియదు. ముందు ముందు పసిపిల్లల ఉయ్యాల మంచం (క్రిబ్) అవసరమైతే, పక్క తడక కిందికి జారే పాతరకం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దనండి. పిల్లలు ఇరుక్కుని ప్రాణాలు పోయాయని వాటి అమ్మకాన్ని 2011లోనే ఇక్కడ నిషేధించారు.

ఇక ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరమయ్యేవి. సత్యనారాయణ వ్రతానికి పులిహోర కలిపే గుండిగ, మడత బల్లలు, గాలి పరుపు, పెట్టెలు తూచే త్రాసు. వీటిని కొననే కొనకండి. ప్రతి తెలుగు గుంపులోనూ గుండిగ ఉన్న ఇల్లొకటి, బల్లలున్న ఇల్లొకటి ఉంటాయి. అడగడానికి మొహమాటపడకండి, ఆ గుండిగ తెచ్చుకోడానికి వెళ్ళిన చోటే స్నేహాలు మొదలవుతాయి. తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మీ అమ్మానాన్నల విషయంలో మీవారిని కాస్త గట్టిగానే ఒప్పించండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి సాధారణంగా ఆరు నెలల వరకూ ఉండనిస్తారు. ఆ వయసులో అన్నాళ్ళు నేల మీద పరుపులోంచి మోకాళ్ళ మీద లేవమనడం ఏ సిద్ధాంతం కిందికీ రాదు. సరైన ఎత్తున్న మంచం, చేతులున్న గట్టి కుర్చీ, బాత్రూములో జారకుండా రబ్బరు చాప. ఒక బెడ్‌రూమ్ వాళ్ళకిచ్చి మీరు హాల్లో పడుకుంటారు కనక సోఫా కమ్ బెడ్ ఒకటి తీసుకోండి, మీ సోఫా కోరిక కూడా తీరుతుంది.

ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది, అది ఉండనివ్వాలి. నాకు స్టీలు గిన్నెలు. అవసరానికి మించే ఉన్నాయి, ఎవరికీ సంజాయిషీ చెప్పను. కాకపోతే వాటికి ఒక అల్మారా, అది నిండితే కొత్తది రావడానికి పాతదొకటి పోవాలి. మినిమలిస్టుల ఇళ్ళలో కూడా పాత ఛార్జర్లు, వైర్లున్న అట్టపెట్టె ఒకటి తప్పకుండా ఉంటుంది, మీ ఇంట్లో వెతికి చూడండి. ఆయన వైర్ల పెట్టె జోలికి మీరు వెళ్ళకండి, మీ పట్టుచీరల జోలికి ఆయన రాకూడదు. ఒకరి వస్తువు ఇంకొకరు చెప్పకుండా పారేయడం మొదలైతే ఆ గొడవ వస్తువుతో ఆగదు.

అక్కర్లేనివి వదిలించుకోడానికి, పాత సామాన్లు దానంగా తీసుకునే గుడ్‌విల్ ఉంది. అక్కడ రసీదిస్తారు గానీ, మనలో చాలామంది టాక్సులో విడివిడి లెక్కలు చూపకుండా అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు. బై నథింగ్ గ్రూపులు ఇంకా నయం. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక చిన్న దీవిలో మొదలై ఇప్పుడు ప్రతి పేటలోనూ ఉన్నాయి. డబ్బు మాట లేకుండా ఇవ్వడం, పుచ్చుకోవడం అంతే. సామాన్లు దాచుకోడానికి అద్దెకిచ్చే స్టోరేజ్ యూనిట్ మాత్రం తీసుకోకండి. నెలనెలా కట్టే అద్దె, లోపలున్న పాత మంచం ఖరీదుని ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియదు.

చివరగా మీ అమ్మానాన్నలు తెచ్చే పెట్టెల సంగతి. మిక్సీ, గ్రైండర్ తెమ్మనకండి. ఇండియాలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టినంత మాత్రాన అవి సరిగ్గా పనిచెయ్యవు. ఇక్కడి కరెంటుకి సరిపోయే మన మిక్సీలు ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి. బియ్యం, పప్పులు, దుప్పట్లు కూడా మోయించకండి. పచ్చి కరివేపాకు అసలు తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. తెమ్మనవలసినవి జంతికల గొట్టం, పోపులపెట్టె, మీ కుక్కర్‌కి సరిపోయే గాస్కెట్లు రెండు, కొలత ఇచ్చి కుట్టించిన జాకెట్లు, ఆవకాయ. వాళ్ళ మందులు చీటీతో సహా, ఒక కళ్ళజోడు అదనంగా. టికెట్ మీద ఎన్ని పెట్టెలకి అనుమతో ముందే చూడమనండి, మామూలుగా ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. తిరుగు ప్రయాణంలో ఆ పెట్టెల నిండా చాక్లెట్లే కొనకుండా, మీరు పెళ్ళికి తెచ్చుకుని ఇక్కడ ఒక్కసారీ కట్టని చీరలుంటే వాటిని వెనక్కి పంపేయండి. అక్కడ పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు ఎలాగూ కావాలి, మీ క్లోజెట్లో చోటూ మిగులుతుంది.